లైసెన్స్ ఇవ్వాల్సిందే, కానీ ముందు ఓనర్‌ని అడగండి

"పేపర్లు లేకుండా అమెరికాలో ఉంటున్నవాళ్లకి డ్రైవింగ్ లైసెన్స్ ఇవ్వడం కరెక్టేనా, ఇస్తే ఇంకా ఎక్కువమంది వచ్చేయరా" అని అడిగారు. లైసెన్స్ కోసం ఇల్లూ వాకిలీ వదిలి ఎవరూ రారండి, పని కోసం వస్తారు. ఆ పని ఇచ్చేది ఎవరు అనేది మాత్రం మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక్కళ్లూ అడగరు.

2012లో డల్లాస్ పక్కన ఎమ్మెస్ చేస్తూ వీకెండ్స్ ఒక తెలుగు రెస్టారెంట్లో గిన్నెలు తోమేవాణ్ణి, బాక్సులు ప్యాక్ చేసేవాణ్ణి. గంటకి 5 డాలర్లు, చేతికి క్యాష్. ఫెడరల్ మినిమమ్ వేజ్ 2009 నుంచి గంటకి 7.25 డాలర్లు అని నాకూ తెలుసు, ఓనర్‌కీ తెలుసు. ఎఫ్-1 అంటే స్టూడెంట్ వీసా మీద క్యాంపస్ బయట అలా పని చెయ్యకూడదు కాబట్టి నేను నోరెత్తనని కూడా ఆయనకి తెలుసు. దోశ పెనం దగ్గర ఒక మెక్సికన్ అన్న ఉండేవాడు. మేమంతా అమిగో (స్పానిష్‌లో స్నేహితుడు) అనేవాళ్లం, ఆయనా మమ్మల్ని అమిగో అనేవాడు. ఆయన వేసినంత పల్చగా దోశ మా ఇంట్లో కూడా ఎవరూ వెయ్యలేరు. తెలుగులో ఉప్పు, కారం, తొందరగా అనే మూడు మాటలు వచ్చు, మూడోది ఓనర్ రోజంతా అరిచే మాట.

ఒక శనివారం ఎవరిదో ఓణీల ఫంక్షన్‌కి క్యాటరింగ్. రోజూ వ్యాన్ నడిపే అతను రాలేదు. నేను రోడ్ టెస్ట్ ఫెయిల్ అయ్యి ఉన్నా. అమిగోకి లైసెన్స్ లేదు, టెక్సాస్‌లో ఆయనలాంటివాళ్లకి ఇవ్వరు, ఓనర్‌కి ఆ సంగతి బాగా తెలుసు, అయినా తాళాలు ఆయన చేతిలోనే పెట్టాడు. ఎడమవైపు టెయిల్ లైట్ వెలగట్లేదని అమిగో అప్పటికి రెండుసార్లు చెప్పాడు, మూడోసారి ఆ రోజు సాయంత్రం నా ముందే చెప్పాడు.

తిరిగొచ్చేటప్పుడు రాత్రి 11 దాటింది. ఖాళీ బిర్యానీ ట్రేలు వెనకాల గలగలమంటున్నాయి. అద్దంలో ఎర్ర, నీలం లైట్లు కనపడగానే ఆయన బండి పక్కకి తీసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి కదలకుండా కూర్చున్నాడు. పోలీసాయన మర్యాదగానే మాట్లాడాడు, ఆ మాట ఒప్పుకోవాలి. లైసెన్స్ లేదన్నాక చేతులకి బేడీలు వేశాడు. నేను ఓనర్‌కి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న "వ్యాన్ టో చేశారా?" రెండో మాట "అతను మన దగ్గర పని చేస్తున్నాడని చెప్పకు".

కౌంటీ జైల్లో వేలిముద్రలు తీసుకుంటే అవి ఇమిగ్రేషన్ వాళ్లకి కూడా వెళ్తాయి, 2008లో హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో మొదలుపెట్టి తర్వాత టెక్సాస్ అంతా పెట్టారు. అమిగో మళ్లీ కనపడలేదు. ఒక టెయిల్ లైట్ బల్బుకి మనిషి దేశం దాటిపోయాడు. మంగళవారానికి పెనం దగ్గర ఇంకో అమిగో ఉన్నాడు, అతనికీ పేపర్లు లేవు. ఓనర్‌కి టో డబ్బులు తప్ప ఏమీ ఖర్చు కాలేదు.

1986లో రీగన్ సంతకం పెట్టిన చట్టంలోనే ఉంది, పేపర్లు లేవని తెలిసి పన్లో పెట్టుకుంటే తప్పు ఓనర్‌ది అని. పన్లో పెట్టుకునేముందు పేపర్లు చూశామని ఐ-9 అనే ఫారం నింపాలి. కానీ ఆ "తెలిసి" అన్న మాట దగ్గరే అందరూ జారుకుంటారు, కార్డు చూపించాడు, అసలుదిలానే ఉంది అంటే చాలు. మా దగ్గర ఆ ఫారం కూడా లేదు. 2019 ఆగస్టులో మిస్సిసిపీలో చికెన్ ప్లాంట్ల మీద పడి ఒక్కరోజులో 680 మంది కూలీల్ని పట్టుకున్నారు. మేనేజర్ల స్థాయి వాళ్ల మీద కేసులు బయటకొచ్చింది మరుసటి ఏడాది, అది కూడా నలుగురి మీద!

ఇక లైసెన్స్ సంగతి. కాలిఫోర్నియాలో 2015 జనవరి నుంచి ఇస్తున్నారు, మొదటి ఏడాదే 6 లక్షల మంది తీసుకున్నారు. అక్కడ గుద్దేసి పారిపోయే కేసులు తగ్గాయని స్టాన్‌ఫర్డ్ వాళ్లు లెక్కలు తీసి చెప్పారు. నాకైతే లెక్కలు కూడా అక్కర్లేదు, లైసెన్స్ ఉన్నవాడు ఆగుతాడు, లేనివాడు భయంతో పారిపోతాడు, గుద్దించుకున్న మనం మన ఇన్సూరెన్స్‌తో బాగు చేయించుకోవాలి. నేనిప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నా, ఇక్కడ 2021 నుంచి ఇస్తున్నారు, రోడ్ల మీద ఏ ప్రళయమూ రాలేదు.

"వాళ్లు ఇల్లీగల్, మనం లీగల్" అని రొమ్ము విరుచుకునే మనవాళ్లని చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ఇమిగ్రేషన్ వాళ్లే పెట్టిన దొంగ యూనివర్సిటీలో ఎంతమంది తెలుగు పిల్లలు ఇరుక్కున్నారు? వాళ్లు కూడా వీసా మీద వచ్చినవాళ్లే కదా. వీసా స్టేటస్ పోతే టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో మన లైసెన్స్ కూడా రెన్యూ కాదు.

అమిగోని పట్టుకెళ్లిన రెండు వారాలకి ఆయన భార్య చిన్న పిల్లాణ్ణి ఎత్తుకుని వెనక తలుపు దగ్గరికి వచ్చింది, రావాల్సిన జీతం అడగడానికి. నాకు తెలియదు పొమ్మన్నాడు ఓనర్. పక్కనే సింక్ దగ్గర నేను తల వంచుకుని గిన్నెలు కడుగుతూ ఉండిపోయా, నా వీసా పోతుందని. చేసిన పనికి జీతం ఎగ్గొడితే పేపర్లు లేకపోయినా లేబర్ డిపార్ట్‌మెంట్‌లో కంప్లైంట్ ఇవ్వొచ్చు, రెండేళ్ల వరకు టైం ఉంటుంది. ఇది నాకు తెలిసేసరికి ఆమె ఎక్కడుందో కనుక్కునే దారి లేదు. మీలో ఎవరైనా ఇప్పుడు అలాంటి కిచెన్‌లో పని చేస్తుంటే, ఆ వెనక తలుపు దగ్గరికి ఎవరైనా వస్తే, ఈ ఒక్క మాట వాళ్ల చెవిన వెయ్యండి.