పదమూడేళ్ల అబ్బాయితో 'బొహీమియన్ రాప్సొడీ' చూడొచ్చా?

చూడొచ్చండీ, కాకపోతే మొదటిసారి మీరూ పక్కన కూర్చోండి. ఇది 'క్వీన్' అనే బ్రిటిష్ రాక్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ కథ. అమెరికాలో దీనికి పీజీ-13 ఇచ్చారు, అంటే పదమూడేళ్ల లోపు పిల్లలకి కొన్ని విషయాలు తగకపోవచ్చని హెచ్చరిక. 2018లో వచ్చిన ఈ సినిమాలో నగ్నత్వం లేదు. మగవాళ్లిద్దరు ముద్దు పెట్టుకోవడం, తాగుడు పార్టీలు, కొన్ని బూతులు మాత్రం ఉన్నాయి. మత్తుమందుల సంగతి పైపైనే చూపిస్తారు.

మా వాణ్ణి కదిలించింది అవేవీ కావు. ఫ్రెడ్డీ తన జబ్బు సంగతి తెలిసి ఆసుపత్రి వరండాలో వెళ్తుంటాడు. అక్కడ కూర్చున్న ఒక కుర్ర రోగి ఆయన్ని గుర్తుపట్టి, స్టేజీ మీద ఆయన జనంతో పలికించే 'ఏ-ఓ' అని మెల్లగా అంటాడు. ఆయనా అదే బదులిస్తాడు. ఆ తర్వాత మావాడు 'ఎయిడ్స్ ఎలా వస్తుంది నాన్నా?' అనడిగాడు. జవాబు సిద్ధం చేసుకోండి!

ఇంకోటి, సినిమాలో 1985లో విరాళాల కోసం జరిగిన 'లైవ్ ఎయిడ్' కచేరీకి ముందే జబ్బు బయటపడుతుంది. నిజానికి అది తేలింది 1987లో అంటారు. ఆయన చిన్నప్పుడు మన మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకున్నాడని కూడా చెప్పండి, పిల్లలకి భలే ఆశ్చర్యం.

గాయకుడు ఎల్టన్ జాన్ మీద తీసిన 'రాకెట్‌మ్యాన్' సినిమా కూడా అడుగుతాడేమో, దానికి అమెరికాలో ఆర్ రేటింగ్, అంటే పదిహేడేళ్ల లోపువాళ్లు పెద్దవాళ్లతోనే చూడాలి. రెండు మూడేళ్లు ఆగమనండి.