హాస్టల్ అలవాటున్న పిల్లకు అమెరికా డార్మ్‌లో ఏం కొత్తగా ఉంటుంది?

అక్కా, మీ ప్రశ్న చదివాను. మీ అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ అయ్యాక బోస్టన్‌లో ఒక యూనివర్సిటీ సమ్మర్ ప్రోగ్రామ్‌కు వెళ్తోందని, అక్కడ డార్మ్‌లో, అంటే యూనివర్సిటీ హాస్టల్‌లో ఉండాలని రాశారు. కడపలో ఎనిమిదో తరగతి నుంచి హాస్టల్‌లోనే ఉంది కాబట్టి ఇబ్బంది ఉండదు కదా అని అడిగారు. నేను అనంతపురం పిల్లను. ఇంటర్ చదివేటప్పుడు అటువైపే ఇలాంటి ప్రోగ్రామ్‌కు వెళ్లాను, అప్పటికి నాకూ హాస్టల్ కొత్త కాదు. నేను చూసినంతలో ఆ అలవాటు సగమే పనికొస్తుంది. నలుగురితో కలిసి ఉండటం, ఇంటి మీద బెంగను తట్టుకోవడం మీ అమ్మాయికి వచ్చే ఉంటాయి. తన రోజును తనే నడుపుకోవడం మాత్రం మన హాస్టళ్లు నేర్పవు.

అక్కడ ఉదయం ఎవరూ లేపరు. టిఫిన్‌కు బెల్ మోగదు. మధ్యాహ్నం క్లాసులు అయిపోయాక ఏం చేయాలో పిల్లలే చూసుకోవాలి. జులైలో అక్కడ రాత్రి ఎనిమిది దాటితే గానీ పొద్దు గూకదు, సాయంత్రం ఎంతకీ తరగదు. తెల్లారకముందే స్టడీ అవర్, ఫోన్ ముట్టుకోనివ్వని కాలేజీ, వీటిలోంచి వెళ్లిన పిల్లకు ఒక్కసారిగా అంత ఖాళీ దొరికితే దిక్కు తోచదు. మొదటి వారం నాకు ఏదో చదవాల్సింది వదిలేశానన్న టెన్షనే. మీ అమ్మాయి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఓ పది రోజులు మీరు లేపకండి, తినమని పిలవకండి, ఆమె బట్టలు ఉతకకండి. తనే అలారం పెట్టుకుని లేవనివ్వండి. ఇంగ్లిష్ ట్యూషన్ కంటే ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది.

ప్రతి ఫ్లోర్‌కూ ఆర్ఏ, అంటే రెసిడెంట్ అసిస్టెంట్ ఉంటారు. సాధారణంగా కాలేజీలో డిగ్రీ చదివే ఇరవై ఏళ్ల పిల్లలే. కర్ఫ్యూ టైముకు, అంటే రాత్రి అందరూ గదులకు చేరాల్సిన టైముకు, గది గదికీ వచ్చి చూసి వెళ్తారు, క్యాంపస్ దాటాలంటే చెప్పి వెళ్లాలి, పెద్ద తప్పు చేస్తే ప్రోగ్రామ్ వాళ్లు ఇంటికి పంపేస్తారు కూడా. అలాగని వాళ్లను వార్డెన్లనుకుని భయపడకూడదు. జ్వరమొచ్చినా, రూమ్మేట్‌తో పడకపోయినా, క్లాసు అర్థంకాక ఏడుపొచ్చినా వాళ్లకే చెప్పాలి. మన హాస్టళ్లలో పిల్లలు జ్వరాన్ని దాచుకుంటారు. నాటకాలంటారనో, ఇంటికి ఫోన్ వెళ్తుందనో భయం. అమెరికా వెళ్లినా ఆ భయం అంత త్వరగా పోదు. ఏ ఇబ్బందైనా అదే రోజు ఆర్ఏకు చెబుతానని మీ అమ్మాయి దగ్గర మాట తీసుకుని పంపండి.

రూమ్మేట్ సంగతి కాస్త వివరంగా రాస్తాను, మన రాయలసీమ వాళ్లకు ఇది ముఖ్యం. బయల్దేరడానికి ముందే నా రూమ్మేట్ నాకు మెయిల్ పెట్టింది. తనకు పల్లీలంటే తీవ్రమైన ఎలర్జీ అని, గదిలో పల్లీలతో చేసినవేవీ ఉండకూడదని రాసింది. మా ఇంట్లో ఊరిబిండి, అంటే పల్లీల పచ్చడి, లేని రోజుండదు. కళ్యాణదుర్గం దగ్గరున్న మా అవ్వ అప్పటికే చెనిక్కాయల (పల్లీల) పొడి దంచి పెట్టింది. చెనిక్కాయలు తింటే ప్రాణం మీదకు రావడమేమిటని ఆమె ఎంతకూ నమ్మలేదు. కానీ ఇది నిజం. కొందరికి కొంచెం తగిలినా గొంతు వాచి ఊపిరి ఆడదు. పొడి ఒక్కటే కాదు, మనం గానుగ పట్టిన చెనిక్కాయల నూనెలో వేయించుకునే మురుకులూ ప్రమాదమే, ఎందుకంటే ఆ నూనెలో పల్లీల ప్రొటీన్ మిగిలి ఉంటుంది. అమ్మ వాటన్నిటినీ తీసేసి కందిపొడి, కరివేపాకు పొడి సర్దింది. అక్కడికి వెళ్లాక ఆ పిల్ల తన ఎపిపెన్ (ఎలర్జీ ముదిరితే వెంటనే పొడుచుకునే ఇంజెక్షన్) ఎక్కడ పెడుతుందో చూపించింది, అవసరమైతే తొడకు బయటివైపు గట్టిగా నొక్కి పట్టి, వెంటనే అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911కు ఫోన్ చేయాలని నేర్పింది. పదహారేళ్ల పిల్ల తన ప్రాణానికి సంబంధించిన విషయాన్ని మొహమాటం లేకుండా కొత్త మనిషికి చెప్పడం చూసి నాకు ఎంతో గౌరవం కలిగింది. మీ అమ్మాయి చేత కూడా రూమ్మేట్‌కు ముందే ఒక మెయిల్ రాయించండి. ఎలర్జీలున్నాయా, ఎన్నింటికి పడుకుంటుంది, ఈ రెండూ అడిగితే చాలు.

వంట గురించి ఆశ పెట్టుకోవద్దు. రైస్ కుక్కర్, ఇండక్షన్ స్టవ్ గదిలోకి రానివ్వరు, చాలాచోట్ల కెటిల్ కూడా ఒప్పుకోరు. అగరబత్తి, దీపం అసలే వద్దు. పొగ తగిలితే ఫైర్ అలారం మోగి బిల్డింగ్ మొత్తం రోడ్డు మీదికి రావాలి, అర్ధరాత్రైనా సరే. దేవుడి పటం పెట్టుకుని దండం పెట్టుకోవచ్చు. డైనింగ్ హాల్‌లో తిండికి కొదవ ఉండదు. ప్రతి వంటకం ముందు చీటీ ఉంటుంది, అది చదవడం అలవాటు చేసుకోవాలి. పెపరోనీలో సాధారణంగా పంది, గొడ్డు మాంసం ఉంటాయి, హాంబర్గర్ అంటే గొడ్డు మాంసం. పెరుగు కావాలంటే ప్లెయిన్ యోగర్ట్ అడగాలి, మిగతావి తియ్యగా ఉంటాయి. రాత్రి భోజనం సాయంత్రం ఐదున్నర, ఆరుకే పెడతారు కాబట్టి పదింటికి ఆకలి దంచేస్తుంది. కామన్ రూమ్‌లో మైక్రోవేవ్ ఉంటే నూడుల్స్ కప్పులు ఆదుకుంటాయి.

బాత్రూములు ఫ్లోర్ అంతటికీ కలిపి ఉంటాయి, శుభ్రంగానే ఉంటాయి. టాయిలెట్‌లో నీళ్లుండవు, పేపరే. ఒక చిన్న మగ్గు, స్నానానికి రబ్బరు చెప్పులు పెట్టండి. పాత డార్ములు కొన్నింటిలో ఏసీ ఉండదు, సీలింగ్ ఫ్యానూ ఉండదు. క్లాస్‌రూముల్లో మాత్రం ఏసీకి వణుకు పుడుతుంది, స్వెట్టర్ తప్పదు. దుప్పటి, దిండు వాళ్లే ఇస్తారో లేదో మెయిల్‌లో అడిగి తెలుసుకోండి. గది తలుపు దానంతటదే లాక్ పడేరకం కావచ్చు, స్నానానికి వెళ్లినా తలుపు తీసే కార్డు మెడలో ఉండాలి.

ఇక ఫోన్లు. వేసవిలో బోస్టన్ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. మీరు పొద్దున్నే లేచి ఆరింటికి ఫోన్ చేస్తే అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. ఫ్లోర్‌లోని పిల్లలంతా ఒకచోట చేరి కబుర్లు చెప్పుకునే వేళ అది. నాకు స్నేహితులు దొరికింది ఆ గంటల్లోనే. నా పక్కగది పిల్ల, హైదరాబాద్ నుంచి వచ్చింది, రోజూ ఆ టైములో గదిలో తలుపేసుకుని అమ్మతో మాట్లాడేది. చివరిదాకా ఎవరితోనూ కలవలేకపోయింది. దయచేసి మీరు సాయంత్రం ఐదింటికి చేయండి. అక్కడ ఉదయం ఏడున్నర, టిఫిన్‌కు వెళ్లేముందు ఐదు నిమిషాలు హాయిగా మాట్లాడుతుంది. ఒకరోజు ఫోన్ ఎత్తకపోతే కంగారు పడకండి. ప్రోగ్రామ్ ఆఫీసు వాళ్ల ఎమర్జెన్సీ నంబర్ మాత్రం మీ దగ్గర రాసిపెట్టుకోండి.

వాళ్ల సమ్మర్ అంటే జూన్ నుంచి ఆగస్టు, అప్పటికి మన దగ్గర సెకండియర్ క్లాసులు జోరుగా నడుస్తుంటాయి. ప్రిన్సిపాల్‌కు ముందే ఉత్తరం ఇచ్చి సెలవు రాతపూర్వకంగా తీసుకోండి.

అన్నిటికంటే తొందరగా చేయాల్సింది టీకాల పని. డార్మ్‌లో ఉండాలంటే చాలా ప్రోగ్రాములు హెల్త్ ఫారమ్‌లో రెండు డోసుల ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) అడుగుతాయి, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా కూడా అడగొచ్చు. మన ప్రభుత్వ టీకాల్లో ఇచ్చేది ఎంఆర్, అందులో గవదబిళ్లల టీకా ఉండదు. పాత కార్డు వెతికి, ఫారమ్‌తో సహా పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఎంఎంఆర్ రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి, కాబట్టి టికెట్ బుక్ చేసే వారంలోనే మొదలుపెట్టండి. రోజూ వేసుకునే మందులేవైనా ఉంటే డాక్టర్ చీటీతో, అసలు ప్యాకింగ్‌లోనే పంపండి.