క్యోటోలో మూడు వారాల నాటక శిక్షణ: అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో థియేటర్ ఆర్ట్స్ పీజీ మొదటి సంవత్సరం చదువుతోంది. వచ్చే జులైలో క్యోటో వెళ్లి మూడు వారాలు జపాన్ సంప్రదాయ నాటకం నేర్చుకుంటానని పట్టుబడుతోంది. దీనివల్ల ఉద్యోగానికి ఏమైనా ఉపయోగం ఉంటుందా? లోన్ తీసుకునైనా పంపాలా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, సూటిగా చెప్తాను. మూడు వారాల సర్టిఫికెట్ చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఉండరు. అయినా మీ అమ్మాయి వెళ్లాలనే నా అభిప్రాయం. లోన్ మీద మాత్రం వద్దు. చదువయ్యాక జీతం పెంచే కోర్సుకైతే అప్పు చేయడంలో అర్థం ఉంది, ఇది అలాంటిది కాదు. ఈ ఏడాది డబ్బు సర్దుబాటు కాకపోతే వచ్చే ఏడాది వెళ్లనివ్వండి.

ఆమె అడుగుతున్నది బహుశా క్యోటో ఆర్ట్ సెంటర్ వారి ‘ట్రెడిషనల్ థియేటర్ ట్రైనింగ్’ గురించే అయి ఉంటుంది. 1984లో మొదలైన కార్యక్రమం ఇది. ఒకప్పటి ప్రాథమిక పాఠశాల భవనమే ఇప్పుడు ఆర్ట్ సెంటర్. నోహ్ (మాస్కులు పెట్టుకుని, పాటతో నృత్యంతో నెమ్మదిగా సాగే నాటకం), క్యోగెన్ హాస్య నాటకం, నిహోన్‌బుయో నృత్యం వంటి వాటిలో ఒకటి ఎంచుకుని, అదే వృత్తిగా బతికే కళాకారుల దగ్గర నేర్చుకుంటారు. చివర్లో ప్రదర్శన ఇవ్వాలి. ఈసారి తేదీలు, ఫీజు, దరఖాస్తు గడువు మాత్రం సెంటర్ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

మూడు వారాల్లో నోహ్ నాటకం మొత్తం ఎవరికీ రాదు. వచ్చేది ఒక షిమాయ్, అంటే నాటకంలోంచి తీసిన కొద్ది నిమిషాల నృత్యభాగం. మాస్కు ఉండదు, బరువైన పట్టుబట్టలూ ఉండవు. చేతిలో విసనకర్ర, కాళ్లకు తెల్లటి తాబి మేజోళ్లు, అంతే. ముందు నిలబడటం, నడవటం నేర్పుతారు. మోకాళ్లు కాస్త వంచి, నడుం బిగించి, మడమ నేలను వదలకుండా పాదాన్ని ముందుకు జారుస్తూ నడవాలి. అడుగు చివర వేళ్లు మాత్రం కొంచెం లేచి దిగుతాయి. ఎంతసేపు నడిచినా తల పైకీ కిందికీ ఊగకూడదు. ఏళ్ల తరబడి అరమండిలో నిలబడిన పిల్లకు మోకాళ్లు వంచడం కష్టం కాదు. కష్టమల్లా ముఖంతోనే. కూచిపూడిలో కళ్లూ కనుబొమ్మలూ మాట్లాడాలి. నోహ్‌లో మాస్కు పెట్టుకోకపోయినా ముఖాన్ని మాస్కులాగే కదలకుండా ఉంచాలి. మనసులో ఉన్న దుఃఖమంతా తల కొద్దిగా వంచడంలోనే చూపాలి. ఇన్నేళ్ల అలవాటును పక్కన పెట్టి ఆ నిగ్రహాన్ని ఒంట్లోకి తెచ్చుకోవడం ఏ నటికైనా పెద్ద చదువే.

అయితే నన్నడిగితే క్యోగెన్ తీసుకోమంటాను. ఆమె చదువుతున్నది నాటకం కాబట్టి మాట, గొంతు కావాలి. క్యోగెన్‌లో గురువు ఒక వాక్యం పలికితే శిష్యులు అదే రాగంతో తిరిగి పలుకుతారు, మన దగ్గర శ్లోకాలు నేర్పినట్టే. జపనీస్ రాకపోయినా పాఠం సాగుతుంది. నవ్వడానికీ, ఏడవడానికీ, తలుపు తీయడానికీ కట్టుదిట్టమైన పద్ధతులున్నాయి. చాలా నాటకాల్లో పాత్ర రంగం మీదికి వచ్చి ‘నేను ఈ చుట్టుపక్కల ఉండేవాణ్ని’ అని తన గురించి తనే చెప్పుకుంటుంది. భామాకలాపంలో సత్యభామ తనను తాను పరిచయం చేసుకునే ప్రవేశ దరువు ఆడిన అమ్మాయికి ఇది వినగానే ఏదో స్ఫురిస్తుంది. పాత్ర తన పరిచయం తానే చేసుకునే ఈ పద్ధతి మీద, రెండు సంప్రదాయాలనూ ఒంటితో నేర్చుకున్న మనిషి డిసర్టేషన్ రాస్తే, పుస్తకాలు మాత్రమే చదివి రాసినదానికంటే బరువు ఉంటుంది. ఉపయోగం అని మీరు అడిగినదానికి నా జవాబు ఇదే. థియేటర్ పీజీ తర్వాత దారులు నెట్, పీహెచ్‌డీ, అధ్యాపక ఉద్యోగం, లేదంటే సొంత ప్రదర్శనలు. వీటన్నిటిలోనూ ‘నీ ప్రత్యేకత ఏమిటి’ అనే ప్రశ్న ఎదురవుతుంది.

తర్వాత జపాన్‌లోనే చదవాలనుకుంటే ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. జపాన్ ప్రభుత్వం మెక్స్ట్ పేరుతో ఇచ్చే రీసెర్చ్ స్కాలర్‌షిప్‌లో ఫీజు, నెలనెలా భత్యం, విమాన ఖర్చు అన్నీ వస్తాయి. కానీ కబుకి నాటకం, జపాన్ శాస్త్రీయ నృత్యం వంటి కళలను సాధన చేసి నేర్చుకోవడానికి అది వర్తించదు. నాటక చరిత్ర, తులనాత్మక అధ్యయనం లాంటి పరిశోధన అంశంతో వెళ్లాలి. ఇది తెలియక ‘నోహ్ నేర్చుకుంటాను’ అని ప్రపోజల్ రాస్తే అక్కడే ఆగిపోతుంది. వాసెదా విశ్వవిద్యాలయంలో 1928 నుంచి నాటక మ్యూజియం ఉంది, పరిశోధనకు మంచి చోటు. జపనీస్ భాష ఇప్పటి నుంచే మొదలుపెట్టమనండి. వెళ్లేలోపు ఎన్5 (జపనీస్ భాషా పరీక్షలో మొదటి మెట్టు) స్థాయి వచ్చినా చాలా మేలు.

అక్కడే నటిగా స్థిరపడాలనే ఆశ ఉంటే మాత్రం కూర్చోబెట్టి మాట్లాడండి. కబుకి, బున్‌రాకు బొమ్మలాట వృత్తి రంగస్థలాల మీద మగవాళ్లే ఉంటారు. నోహ్‌లో 1948 నుంచి వృత్తి సంఘంలోకి స్త్రీలను చేర్చుకుంటున్నా, వాళ్లు ఇప్పటికీ తక్కువే. సరదాగా నేర్చుకునే వాళ్లకు, ఆడవాళ్లకైనా, నోహ్ గురువులు తలుపు తెరిచే ఉంచుతారు. వాళ్ల ఆదాయంలో ఆ పాఠాల వాటా కూడా ఉంటుంది.

ఖర్చు విషయానికొస్తే, జులైలో క్యోటోలో గియోన్ ఉత్సవం. 17, 24 తేదీల్లో పెద్ద ఊరేగింపులు ఉంటాయి. ఆ రోజుల్లో గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. సీటు ఖాయం కాగానే బస చూసుకోవాలి. ఉక్కపోత మన విజయవాడకు తీసిపోదు. తొంభై రోజుల లోపు, సంపాదన లేకుండా ఉండటానికి షార్ట్ స్టే వీసా సరిపోతుంది. నిర్వాహకుల ఆహ్వాన పత్రం మాత్రం తప్పకుండా అడిగి తీసుకోవాలి. ఇప్పటి నుంచే రోజూ కాసేపు మోకాళ్ల మీద, మడమలపై కూర్చునే సెయిజా భంగిమ సాధన చేయమనండి. పాఠాల్లో అలాగే కూర్చోవాలి, అలవాటు లేకపోతే కాళ్లు తిమ్మిరెక్కి లేవలేరు.

అన్నిటికంటే ముందు డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడాలి. జులైలో ఇక్కడ కొత్త సెమిస్టర్ మొదలవుతుంది కాబట్టి అటెండెన్స్ సమస్య వస్తుంది. హెచ్‌ఓడీ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఈ శిక్షణను ప్రాజెక్టు పనిగా లెక్కలోకి తీసుకుంటారేమో అడగమనండి. ఆ కాగితం చేతికి వచ్చాకే టికెట్ బుక్ చేయండి.