‘శివ’ చైనూ, మీ ప్రశ్నలూ

ప్రశ్న: ‘శివ’ సినిమా పేరెత్తితే మా నాన్నకి ఇప్పటికీ పూనకమే. నేను చూశాను. ఫైట్లు తక్కువ, హీరో మాటలు ఇంకా తక్కువ. అంత గొప్పేముందండీ అందులో?
– డిగ్రీ విద్యార్థిని, ఏలూరు

జవాబు: ఆ ‘తక్కువే’ గొప్ప తల్లీ! 1989 అక్టోబరు 5న ఆ సినిమా వచ్చేనాటికి ఫైటంటే ఓ పద్ధతుండేది. రౌడీలు చుట్టూ మూగుతారు, వంతులేసుకుని ఒక్కొక్కడే వచ్చి తన్నులు తిని పోతాడు. గుద్దు గుద్దుకీ ఓ ‘డిష్యుం’. ఎడిటింగ్ రూములో అసిస్టెంటుగా ఆ డిష్యుంలు అతికించి అన్నం తిన్నవాణ్ణి, కాబట్టి వాటిని తిట్టను. ‘శివ’లో మాత్రం దెబ్బకన్నా ముందు భయం పడుతుంది. నాగార్జున సైకిలు చైను తెంపి చేతికి చుట్టుకుంటున్నప్పుడే హాల్లో అందరికీ తెలిసిపోయింది, కాలేజీ రౌడీ జేడీ పనైపోయిందని. తర్వాత ఎన్ని దెబ్బలు పడ్డాయో మీ నాన్నగారిని అడగండి, చెప్పలేరు. చైను లాగడం మాత్రం చేత్తో చేసి చూపిస్తారు.

ఇక విలన్ భవానీగా వేసిన రఘువరన్. అప్పటిదాకా విలన్ అంటే విగ్గు, వికటాట్టహాసం. ఈ భవానీ అరవడు. అరవాల్సిన అవసరం లేనివాడిలా ఉంటాడు, అందుకే వణుకు. గోపాలరెడ్డిగారి కెమెరా సంగతీ చెప్పాలి. పట్టాల మీది ట్రాలీకి అలవాటుపడ్డ మాకు స్టెడీక్యామ్ వింతగా తోచింది. కెమెరామన్ దాన్ని ఒంటికి తగిలించుకుని నడుస్తాడు, బొమ్మ మాత్రం కుదుపు లేకుండా పాత్ర వెంట పోతుంది.

తర్వాతివాళ్లు ఏం తీసుకున్నారంటారా? నిచ్చెన తీసుకున్నారు. అడుగున కాలేజీలో జేడీ, వాడి పైన భవానీ, భవానీ పైన కోట శ్రీనివాసరావు వేసిన మాచిరాజు. కుర్రాడి గొడవ మెట్టు మెట్టుగా రాజకీయ నాయకుడి ఇంటిదాకా వెళ్లే ఈ కథ ఆ తర్వాత ఎన్ని సినిమాల్లో చూశామో! నిదానం మాత్రం చాలామంది వదిలేశారు. అది కష్టం మరి.

ప్రశ్న: అది బ్రూస్‌లీ సినిమా కాపీ అట కదా! ఇంకా పొగడ్తలెందుకు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ‘అట’ ఎందుకు? దర్శకుడు రామ్‌గోపాల్ వర్మే చెప్పుకున్నారు. 1972 నాటి ఆ సినిమాలో రోమ్ నగరంలో ఓ చైనా హోటలు మీద గూండాలు పడతారు, ఊరికి కొత్తగా వచ్చిన హీరో ఎదురుతిరుగుతాడు. హోటలు తీసి కాలేజీ పెట్టారు, అంతే. కానీ ఆ కాలేజీలోకి విద్యార్థి సంఘం ఎన్నికలు, వాటి వెనక డబ్బు, దాదాగిరీ ఎక్కణ్ణుంచి వచ్చాయి? రోమ్ నుంచి కాదుగా! వర్మ ఇంజనీరింగు చదివింది విజయవాడలో. వీడియో లైబ్రరీ నడిపినాయన ఎముకల గూడు క్యాసెట్లోంచే తీసుకుని ఉండొచ్చు, కండ మాత్రం మన ఊళ్లదే. నేనైతే దాన్ని కాపీ అని కొట్టిపారేయను.

ప్రశ్న: ఆ సినిమాతో ఎవరెవరు పైకొచ్చారు?
– గృహిణి, వరంగల్

జవాబు: దర్శకుడికి అదే మొదటి సినిమా, మరుసటి ఏడాదే హిందీలోనూ తీశారు. ఆయన దగ్గర పనిచేసిన శివనాగేశ్వరరావు ‘మనీ’తో, కృష్ణవంశీ ‘గులాబి’తో దర్శకులయ్యారు. జేడీగా వేసిన చక్రవర్తికైతే పాత్ర పేరే ముందుకొచ్చి అతుక్కుంది, ఇప్పటికీ జేడీ చక్రవర్తే.

ప్రశ్న: సైకిలు చైను నిజంగా చేత్తో తెగుతుందా?
– తొమ్మిదో తరగతి, కడప

జవాబు: తెగదు బాబూ. వేళ్లు తెగుతాయి. మీ నాన్న సైకిలు జోలికి పోకు.