అంపైర్ మీదికి పోయే పిల్లోళ్లు, బయటి నుంచి ఎగదోసే తండ్రి: సమాధానం

అన్నా, అనంతపురంలో మీ అండర్-14 జట్టు పిల్లోళ్లు ఔటిచ్చినప్పుడల్లా అంపైర్‌తో వాదనకు దిగుతున్నారని, మెయిన్ బౌలర్ వాళ్ల నాయన బౌండరీ అవతల నుంచి ఎగదోస్తున్నాడని రాసినారు.

కొత్తగా రూల్స్ రాసుకునే పని లేదు. 2017 అక్టోబర్ నుంచి క్రికెట్ చట్టాల్లోనే ఆటగాళ్ల ప్రవర్తనపై 42వ నిబంధన ఉంది. అంపైర్ నిర్ణయంపై మాటతోనో చేష్టతోనో నిరసన చూపినా, బూతు మాట్లాడినా మొదటి స్థాయి తప్పు. తొలిసారి హెచ్చరిక. ఆ జట్టులో ఎవరు మళ్లీ చేసినా అవతలి జట్టుకు 5 పరుగులు. అంపైర్‌ని కొడతానని బెదిరిస్తే మిగతా మ్యాచ్ మొత్తానికీ బయటికే. దీన్ని ప్రాక్టీస్ మ్యాచుల్లోనే కచ్చితంగా అమలు చేయండి. స్కోరు బుక్కులో ఆ 5 పరుగులు పడినాయంటే "నోరు మూసుకోరా" అని తోటోళ్లే సర్దిచెప్తారు.

నెట్స్ అయినాక ఆడే ఆటలో ఆ బౌలర్‌నే అంపైర్‌గా నిలబెట్టండి. లెగ్ సైడ్ బంతి ప్యాడ్‌కు తగిలి పోయిందో, వైడో, అందరూ అరుస్తుంటే చెప్పమనండి. ఎంత కష్టమో వానికే తెలుస్తుంది.

వాళ్ల నాయనతో మ్యాచ్ రోజు గొడవ వద్దు. వేరే రోజు విడిగా కూర్చోబెట్టి, "మీరు అరిస్తే వాడు బ్యాట్స్‌మన్‌ని వదిలి మీ వైపు చూస్తున్నాడు" అని చెప్పండి. నిజంగా జరిగేదదే.

అయినా మారకపోతే ఆ పిల్లోన్ని ఒక మ్యాచ్ పక్కన పెట్టాల్సిందే, ఓడిపోయినా సరే. బాగా ఆడతాడని వదిలేస్తే మిగతా పిల్లలకు మీ మాట మీద నమ్మకం పోతుంది.