కొత్త వీల్స్ వేశాక స్టీరింగ్ వణుకుతోంది!

ప్రశ్న: సార్, నేను డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో 2017 మస్టాంగ్ జీటీ కొన్నాను. దానికి ఈమధ్య బయటి కంపెనీ 20 అంగుళాల వీల్స్ వేయించాను. చూడ్డానికి అదిరిపోయాయి గానీ 65 మైళ్లు దాటితే చాలు, స్టీరింగ్ సన్నగా వణుకుతోంది. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా తేడా లేదు. ముందు చక్రాలు ఇంకాస్త బయటికి కనపడాలని 5 మి.మీ. స్పేసర్లు (వీల్ వెనక పెట్టే బిళ్లలు) కూడా ఆర్డర్ పెట్టాను. ఇంట్లోవాళ్లేమో పాతవే వేసెయ్యమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ స్పేసర్ల ఆర్డర్ క్యాన్సిల్ చేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మూడోసారి బ్యాలెన్సింగ్‌కి వెళ్లకండి, దండగ. ఆ మిషన్ మీద వీల్‌ని నడిమి రంధ్రంలోంచి కోన్ పెట్టి సరిగ్గా మధ్యలో కూర్చోబెడతారు, అందుకే అక్కడ అంతా సున్నా చూపిస్తుంది. కారు మీద అది మధ్యలో కూర్చుంటోందా లేదా అన్నది వేరే సంగతి. మీ కారు హబ్ (వీల్‌ని బిగించే, చక్రంతోపాటు తిరిగే దిమ్మ) మీద పొడుచుకొచ్చే గుండ్రటి అంచు 70.5 మి.మీ. ఉంటుంది. బయటి వీల్స్‌లో చాలావాటికి నడిమి రంధ్రం 73.1 మి.మీ., ఒకే వీల్‌ని పది రకాల కార్లకి అమ్ముకోవాలి కదా మరి. ఆ తేడాని పూడ్చడానికి మధ్యలో సన్నటి రింగు వేయాలి, దాన్నే హబ్ రింగు అంటారు. అది లేకుండా కారు పూర్తిగా కిందికి దించేసి మొదటి నట్టునే బిగించే మిషన్ గన్నుతో లాగించేస్తే వీల్ ఒక పక్కకి మిల్లీమీటరు పైన జరిగి అలాగే బిగుసుకుపోవచ్చు. మీ వణుక్కి నా అనుమానం మొట్టమొదట దాని మీదే. ఒక చక్రం విప్పి వెనకనుంచి చూడండి. రింగు ఉందా, ఉంటే దాని మీద 73.1, 70.5 అనే అంకెలు ఉన్నాయా, అంచు పగిలిందా? ప్లాస్టిక్ రింగులు పాత వీల్ లాగేటప్పుడు సగం విరిగి హబ్‌కే అతుక్కుని ఉండిపోతుంటాయి, తుప్పు రంగులో కలిసిపోయి కంటికి ఆనవు కూడా. అల్యూమినియంవి తెప్పించుకోండి, ముఖ్యంగా ట్రాక్ మీదికి వెళ్లే ఆలోచన ఉంటే, బ్రేకుల వేడికి ప్లాస్టిక్ నిలవదు.

ఇక నట్ల సంగతి. 2015 నుంచి వచ్చిన మస్టాంగ్‌కి స్టడ్లు (హబ్‌లోంచి పొడుచుకొచ్చే మరల కడ్డీలు, నట్లు ఎక్కేవి) 14 మి.మీ., మరకీ మరకీ మధ్య దూరం 1.5 మి.మీ. 2014 దాకా వచ్చినవాటికి అర అంగుళం స్టడ్లు. 'మస్టాంగ్ నట్లే కదా' అని ఎవరో పాత కారువి ఇస్తే తీసుకోవద్దు. కంపెనీ నట్టుకి 21 మి.మీ. సాకెట్ పడుతుంది, కానీ బయటి వీల్స్‌లో నట్టు దిగే గుంత ఇరుకుగా ఉంటే ఆ సాకెట్ లోపలికి దూరదు, దూరినా రంగు గీరేస్తుంది. అందుకే సన్నటి నట్లు, ప్రత్యేకమైన తాళంతో, అంటే వాటికే పట్టే సాకెట్‌తో వస్తాయి. ఆ తాళాన్ని కారులోనే పెట్టుకోండి, గ్యారేజీ అల్మారాలో కాదు! ప్రతి నట్టునీ ముందు చేత్తో తిప్పాలి. కనీసం స్టడ్ మందమంత లోతు, అంటే 14 మి.మీ. మర పట్టాలి. లెక్కేస్తే తొమ్మిది చుట్ల పైన. నాలుగైదు చుట్లకే ఆగిపోయిందంటే ఆ నట్టు మీ వీల్‌కి కాదు.

స్పేసర్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసిపోయి ఉండాలి. 5 మి.మీ. మందం పెడితే మూడు చుట్లకు పైగా మర పోతుంది, పైగా హబ్ అంచు చాలావరకు దాని లోపలే కూరుకుపోయి మీ కొత్త రింగు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. బయటికి కనపడాలంటే తక్కువ ఆఫ్‌సెట్ ఉన్న వీల్, అంటే హబ్‌కి ఆనే మొహం లోపలి వైపుకి జరిగి ఉండేది కొనుక్కోవాలి, అప్పుడు కూడా ఫెండర్‌కి రాసుకుంటుందేమో నలుగుర్ని ఎక్కించుకుని, స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూసుకోవాలి.

బిగించేటప్పుడు చక్రం గాల్లో ఉండగానే ఒకటి విడిచి ఒకటి, నక్షత్రం గీసినట్టు, చేతి పానాతో కొద్దికొద్దిగా బిగించుకుంటూ రండి. తర్వాత దించి టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) 150 పౌండ్-అడుగులు, అంటే 204 న్యూటన్ మీటర్లు. మరలకి గ్రీజు, నూనె పూయొద్దు, జారుడు ఎక్కువై అదే అంకెకి స్టడ్ ఇంకా ఎక్కువ సాగుతుంది. 100 మైళ్లలోపు మళ్లీ ఒకసారి చూసుకోవాలి, ఇది కంపెనీ పుస్తకంలో ఉన్న మాటే. చక్రాన్ని మోసేది స్టడ్ కాదండీ, స్టడ్ సాగి వీల్‌ని హబ్‌కి అదిమితే పుట్టే రాపిడి. మధ్యలో తుప్పో, కొత్త వీల్ వెనక మందంగా కొట్టిన రంగో ఉంటే నడుస్తుండగా అది నలిగి బిగువు తగ్గిపోతుంది. హబ్ మొహాన్ని తీగ బ్రష్‌తో మెరిసేదాకా తోమండి.

ఎక్కువ బిగించడమూ అంతే తంటా. మూడేళ్ల కిందట సూర్యాపేట దాటాక మా బావమరిది కారు పంక్చరైంది, స్టెప్నీ వేద్దామంటే ఒక్క నట్టు ఊడదు. అంతకు ముందు వారమే ఏదో షాపులో గన్నుతో బర్రుమని బిగించి పంపారట. పానా మీద నేను ఎక్కి నిలబడితే పానాయే వంగింది. ఆఖరికి లారీ డ్రైవరొకాయన పొడుగు పైపు ఇచ్చి పుణ్యం కట్టుకున్నాడు. టార్క్ రెంచ్ కొన్నది ఆ మర్నాడే.

ఇంకొక్కటి. వీల్ లోపలి వైపు అచ్చేసిన, అది మోయగల బరువు అంకె చూడండి. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఒక్కో యాక్సిల్ (ముందు జత, వెనక జత చక్రాలు) మోయగల బరువు ఉంటుంది, అందులో సగమైనా ఆ వీల్ మోయాలి. అంకే లేని వీల్‌ని నేనైతే కారు దగ్గరికి కూడా రానివ్వను. పాతవే వేసెయ్యమన్న ఇంట్లోవాళ్ల మాట కొట్టిపారేయకండి, ఓ రోజు వేసి హైవే ఎక్కండి. వణుకు పోతే కారు బాగానే ఉన్నట్టు, తప్పు కొత్త వీల్స్‌దో వాటిని కూర్చోబెట్టిన తీరుదో.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాను. నా పోర్షే 718కి బయటి వీల్స్ తీసుకుంటే, షాపతను కోన్ ఆకారం బోల్టులు ఇచ్చి 'ఇవి సరిపోతాయి సార్' అంటున్నాడు. నిజమేనా?

జవాబు: వీల్‌లో గుంత ఏ ఆకారమో అదే తేలుస్తుంది. పోర్షే సొంత వీల్స్‌కి బోల్టు ఆనే చోటు బంతిలా గుండ్రంగా ఉంటుంది. గుండ్రటి గుంతలో కోన్ పెడితే గీతంత మేరే ఆనుతుంది. మొదట గట్టిగా ఉన్నట్టే అనిపించి, కొన్నాళ్లకి అల్యూమినియం నలిగి వదులవుతుంది. ఒక బోల్టుకి మార్కర్‌తో రంగు పూసి చేత్తో బిగించి విప్పండి, రంగు చుట్టూ పట్టీలా చెరిగితే సరే, సన్నటి గీతలా చెరిగితే వెనక్కి ఇచ్చేయండి. మీ కారుకి బిగింపు 160 న్యూటన్ మీటర్లు. పైన మస్టాంగ్‌కి గ్రీజు వద్దన్నాను గానీ మీకు మరలకి, బోల్టు తలకీ దాని కింద తిరిగే గుండ్రటి రింగుకీ మధ్య పలుచగా పూయమని పోర్షేయే చెబుతుంది. వీల్‌కి ఆనే చోట మాత్రం పొడిగానే ఉండాలి.

ప్రశ్న: గుంతలో పడి అల్లాయ్ వీల్ అంచు వంగింది. వారానికోసారి గాలి తగ్గుతోంది. వెల్డింగ్ చేయిస్తే చాలా?

జవాబు: టైరు విప్పించి లోపలి వైపు తుడిచి వెతకండి. గాలి వారంవారం దిగుతోందంటే చాలాసార్లు వెనక అంచున వెంట్రుకంత పగులు ఉంటుంది. వట్టి వంకరైతే, అదీ కొంచెమే అయితే, పనితనం తెలిసినవాళ్లు సరిచేస్తారు. పగులుంటే, అందులోనూ స్పోక్ దాకా పాకితే, వెల్డింగ్ మాటే ఎత్తొద్దు, ఆ వీల్ తుక్కుకి వేసేయండి.