హోండురాస్ మిషన్ ట్రిప్‌కి అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా అమ్మాయి లెవెన్త్ గ్రేడ్, సివిల్ ఇంజినీరింగ్ చదవాలని ఆశ. ఈ వేసవిలో మా చర్చి వాళ్లు వారం రోజులు హోండురాస్ వెళ్లి పేదలకు ఇళ్లు కడతారట. మనిషికి రెండు వేల డాలర్ల పైనే ఖర్చు. కాలేజీ అడ్మిషన్‌కి పనికొస్తుందా? పంపమంటారా?

జవాబు: అడ్మిషన్ కోసమే అయితే పంపకండమ్మా. చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసే కామన్ యాప్‌లో పది యాక్టివిటీలు రాసుకోవచ్చు, ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలే. వారం రోజుల ప్రయాణం అందులో ఒక చిన్న గడి, అంతే. దూరదేశ సేవాయాత్రలకన్నా కనీసం ఏడాదిపాటు నిలకడగా చేసిన సేవకే విలువివ్వాలని హార్వర్డ్ విద్యా విభాగం 2016లో ఒక నివేదిక ఇచ్చింది. చాలా కాలేజీల అడ్మిషన్ అధికారులు దాన్ని సమర్థించారు కూడా.

ఇక ఇళ్ల సంగతి. 1998లో మిచ్ హరికేన్ హోండురాస్‌ను ముంచేశాక ఉత్తర అమెరికా చర్చిల బృందాలు అక్కడికి వెళ్లి ఇళ్లు కట్టాయి. ఆ దేశంలోనే స్థిరపడిన సోషియాలజీ ప్రొఫెసర్ కర్ట్ వెర్ బీక్ ఆ పనిని లెక్కగట్టారు. ప్రయాణ ఖర్చులతో కలిపి ఒక బృందం కట్టిన ఇంటికి సగటున 30,000 డాలర్లు అయితే, స్థానిక క్రైస్తవ సంస్థ కట్టిన ఇంటికి 2,000 డాలర్లు అయింది. ఎవరు కట్టారన్న దాన్నిబట్టి ఆ ఇళ్లలో ఉండేవాళ్ల జీవితాల్లో పెద్ద తేడా ఆయనకు కనబడలేదు. ఈ అంకెలు చూసి నాకు మనసు కలుక్కుమంది. అలాగని మీ విశ్వాసాన్ని, సేవ చేయాలన్న మీ తపనని తక్కువ చేయడం లేదు. ఆ తపన సరైన చోటికి చేరాలన్నదే నా ఆరాటం.

అందుకే పాస్టర్‌గారిని ఒక్క ప్రశ్న అడగండి: అక్కడ పని ఎవరి చేతిలో ఉంటుంది? స్థానిక మేస్త్రీలకు కూలి ఇచ్చి, వాళ్ల కింద మీ పిల్లలు ఇటుకలు అందించే ఏర్పాటైతే పంపండి. మేస్త్రీల పని మన పిల్లలే చేసేసేలా ఉంటే ఆ డబ్బు స్థానిక సంస్థకే పంపడం మేలు. మన ఊళ్లో స్లాబ్ వేశాక మళ్లు కట్టి నీళ్లు నిలబెడతారు కదా, కనీసం వారమైనా తడపకపోతే కాంక్రీటుకి బలం రాదు. వారానికే తిరుగు విమానం ఎక్కే బృందం వెళ్లిపోయాక ఆ నీళ్లు పోసేదెవరో కూడా కనుక్కోండి.

సివిల్ చదవాలనుకునే పిల్లకి అసలు చదువు అక్కడే ఉంది. కడ్డీలు ఎంత దూరంలో కడుతున్నారు, ఇసుక ఎక్కడి నుంచి తెస్తున్నారు, వానాకాలంలో నీళ్లు ఎటు పోతాయి, ఇవన్నీ మేస్త్రీని అడిగి నోట్‌బుక్‌లో రాసుకోమనండి. మన 'మేస్త్రీ' పోర్చుగీసు నుంచి వచ్చిన మాట. స్పానిష్‌లో దాని తోబుట్టువు 'మాయెస్త్రో'. హోండురాస్‌లో ఆ పెద్దాయన్ని అలాగే పిలవొచ్చు. బయల్దేరేలోపు స్పానిష్‌లో ప్రశ్నలు అడగగలిగేంత నేర్చుకుంటే చాలు. రేపు ఎస్సే రాయాలన్నా, చిన్నపిల్లల్ని ఎత్తుకుని దిగిన ఫొటోల గురించి కాకుండా, ఆ మాయెస్త్రో దగ్గర నేర్చుకున్న ఒక్క విషయం రాయమనండి.

ఈలోగా డాలస్‌లోనే, వాలంటీర్లతో ఇళ్లు కట్టించే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీలో చేర్పించండి. అది కూడా క్రైస్తవ విశ్వాసంతో 1976లో జార్జియాలో పుట్టిన సంస్థే. 16 ఏళ్లు నిండితే సైటు మీద పని ఇస్తారు. కప్పు ఎక్కడం, కరెంటు రంపాలు ముట్టుకోవడం మాత్రం 18 నిండాకే. నెలకు రెండు శనివారాలు వెళ్లినా ఏడాది తిరిగేసరికి తనకి ఈ పని నచ్చుతుందో లేదో తనకే తెలుస్తుంది.

మరో మాట. అమ్మాయి హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే టికెట్ కొనేముందు పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు చూడండి. అది దాటిపోతే, చేతిలో అప్రూవల్ నోటీసు ఉన్నా హోండురాస్ నుంచి తిరిగి రావడానికి అది సరిపోదు.